బహుమతి కావ్యం, అసమ్మతి పత్రం: మద్రాసు విశ్వవిద్యాలయ విద్యార్థి, తెలుగు రచన (1899–1914)

ఆధునిక తెలుగు కవిత్వ చరిత్రను రచించినవారిలో కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ను ప్రస్తావించనివారు అరుదు. అది తొలి ఆధునిక ఖండకావ్యమా, రాయప్రోలు ‘తృణకంకణము’కు ఆ స్థానం దక్కాలా అన్న విషయంపై విమర్శకులు చాలాకాలం వాదించారు. ఆ వాదంలో ఒక చిన్న సంగతి వెనుకబడిపోయింది. ఆ కావ్యం ఒక కళాశాల విద్యార్థి రచన. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతూ, ఇరవై ఏళ్ళు నిండకముందే, ఆంధ్ర భాషాభిరంజని సమాజం వారి పోటీ కోసం 1899లో ఆయన దానిని రచించారు. బహుమతి లభించింది. మరుసటి సంవత్సరం అచ్చయింది. సాహిత్య చరిత్ర గ్రంథాలలో ఈ సమాచారం ఒక ఉపోద్ఘాత వాక్యంగా వచ్చి వెళ్ళిపోతుంది.

విశ్వవిద్యాలయ విద్యార్థులలో సృజనశక్తిని పెంపొందించడం ఎట్లాగన్న ప్రశ్న నేడు విద్యా ప్రణాళికలన్నింటిలోనూ కనిపిస్తున్నది. తెలుగుకు సంబంధించినంతవరకు ఇది కొత్త ప్రశ్న కాదు. 1899కి 1914కి మధ్య మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోనే ఇది రెండు భిన్న రూపాలలో ఎదురైంది. ఒకటి పాఠ్యప్రణాళికకు వెలుపల, విద్యార్థి సమాజం పెట్టిన పోటీ. రెండవది పాఠ్యప్రణాళికకు నడిబొడ్డున, ఇంటర్మీడియట్ వ్యాసరచన పత్రం. మొదటిది ఒక కావ్యాన్ని ఇచ్చింది. రెండవది ఒక భాషావివాదాన్ని ఇచ్చింది. ఈ వివాదాన్ని గ్రాంథిక వ్యావహారిక వాద చరిత్రలో భాగంగానే ఇంతవరకు ఎక్కువగా చదివారు. విద్యార్థి రచన చరిత్రలో భాగంగా చదివినప్పుడు దాని స్వరూపం కొంత మారుతుంది.

పోటీ ఇచ్చిన అవకాశం

1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయం పందొమ్మిదో శతాబ్ది చివరివరకు ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థ. బోధన అనుబంధ కళాశాలలలో జరిగేది. బోధనా భాష ఇంగ్లీషు. తెలుగు ద్వితీయ భాషలలో ఒకటి. తెలుగు చదవడమంటే నిర్ణీత ప్రబంధ భాగాలకు ప్రతిపదార్థ తాత్పర్యాలు చెప్పగలగడం, ఛందోవ్యాకరణాలలో ప్రవేశం కలిగి ఉండడం, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదించగలగడం. ఇవి తక్కువ విద్యలు కావు. అయితే వీటిలో దేనికీ విద్యార్థి తన మాటగా ఒకటి చెప్పవలసిన అవసరం లేదు.

రచన చేయాలన్న కోరిక గల విద్యార్థికి ఆనాడు సహజంగా తోచిన భాష ఇంగ్లీషు. ఇందుకు గురజాడ అప్పారావు జీవితమే సాక్ష్యం. విజయనగరంలో చదువుకునే రోజులలో ఆయన ఇంగ్లీషులో పద్యాలు రాశారు. ‘సారంగధర’ అనే ఆంగ్ల కావ్యం 1883లో ‘ఇండియన్ లీజర్ అవర్’ పత్రికలో వచ్చింది. కలకత్తా ‘రీస్ అండ్ రయ్యత్’ సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకుంటూనే, స్వభాషలో రాయవలసిందని యువకవికి హితవు చెప్పారు. ఒక తెలుగు విద్యార్థికి తెలుగులో రాయమన్న సలహా వంగదేశపు సంపాదకుని నుంచి రావలసి వచ్చింది. ఆనాటి కళాశాల తెలుగు తరగతి ఏ స్థితిలో ఉండేదో ఊహించడానికి ఇది చాలు.

ఇటువంటి వాతావరణంలో కళాశాలలలో వెలసిన భాషా సమాజాల పాత్రను తక్కువ చేయరాదు. క్రైస్తవ కళాశాల సమాజం పోటీ పెట్టినప్పుడు రామలింగారెడ్డి ఎన్నుకున్న వస్తువు పరీక్షకు చదివే ప్రబంధాలలోనిది కాదు. సి.పి. బ్రౌన్ 1853లో ప్రచురించిన అనంతపుర చరిత్రలోని చిన్న ఉదంతం అది. బుక్కరాయసముద్రం చెరువు గట్టుకు గండిపడబోతుంది. ఊరు మునిగిపోయే స్థితి. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేగాని కట్ట నిలవదని అశరీరవాణి పలుకుతుంది. ఆమె ఇంటివారి వద్ద సెలవు తీసుకొని, నడిచి వెళ్ళి గండిలో కలిసిపోతుంది. ఆ ప్రాంతంలో ముసలమ్మ కట్ట అన్న పేరు నేటికీ ఉంది.

కథానాయిక రాచకన్య కాదు, రైతు ఇంటి కోడలు. ఆమెను కాపాడడానికి దేవత ప్రత్యక్షం కాదు. కావ్యం ఆమె మరణంతోనే ముగుస్తుంది. అష్టాదశ వర్ణనల వరుస లేదు. ఇంగ్లీషు కావ్యాలలో చదివిన విషాదాంత పద్ధతిని, ఒక సీమ పల్లెలోని జనశ్రుతిని, అలవాటైన తెలుగు పద్య ఛందస్సును ఒకచోట చేర్చే పని ఇందులో జరిగింది. తరగతిలో ఈ మూడింటినీ వేరువేరు పండితులు వేరువేరు గంటలలో బోధిస్తారు. స్థానిక చరిత్రను అసలెవరూ బోధించరు. వాటిని కలిపే బాధ్యత విద్యార్థిపైన పడింది, పోటీ దానికి ఒక గడువును, ఒక చదువరిని సమకూర్చింది. కావ్యంలో విద్యార్థి దశకు సహజమైన తడబాట్లు లేకపోలేదు. కొన్ని పద్యాలలో పూర్వకవుల ధోరణి స్పష్టంగానే వినిపిస్తుంది. అయినా వస్తువును ఎన్నుకోవడంలో చూపిన ధైర్యం అరువు తెచ్చుకున్నది కాదు.

ఒక ముఖ్య విషయాన్ని ఇక్కడే గుర్తించాలి. ముసలమ్మ కావ్యం గ్రాంథికంలోనే ఉంది. అందువల్ల గ్రాంథికం విద్యార్థి సృజనను అణచివేసిందని, వ్యావహారికం దానిని విడుదల చేసిందని సూత్రీకరించడం చరిత్రకు సరిపడదు. పదిహేనేళ్ళ తరువాత వ్యాసరచన పత్రం చుట్టూ చెలరేగిన వివాదానికి కారణం కేవలం భాషారూపం అయి ఉంటే, 1899లో ఆ కావ్యం పుట్టి ఉండకూడదు.

వ్యాసరచన పత్రం

1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టం తరువాత మద్రాసు విశ్వవిద్యాలయం తన పరీక్షా విధానాన్ని సవరించుకుంది. ఎఫ్.ఎ. స్థానంలో ఇంటర్మీడియట్ వచ్చింది. దేశభాషలో వ్యాసరచనకు పరీక్షలో స్థానం ఏర్పడింది. విద్యార్థి పూర్వకవి పద్యానికి అర్థం చెప్పడంతో ఆగక, ఇచ్చిన విషయంపై తనంతట తాను తెలుగు వచనం రాయాలి. సృజన దృష్టితో చూస్తే ఇది పెద్ద ముందడుగు. పట్టా కావలసిన ప్రతి తెలుగు విద్యార్థీ, కవి కాదలచుకోనివాడు సైతం, సొంత వాక్యం నిర్మించవలసిన స్థితి మొదటిసారి ఏర్పడింది.

ఆ వాక్యం ఏ తెలుగులో ఉండాలన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. అప్పటికి వచనానికి ప్రమాణంగా ఉన్నది చిన్నయసూరి మార్గం. ‘నీతిచంద్రిక’ 1853లోను, ‘బాలవ్యాకరణము’ 1858లోను వెలువడ్డాయి. రెండు తరాల పాఠ్యపుస్తకాలు వాటి నీడలోనే తయారయ్యాయి. వ్యాసం రాసే విద్యార్థి ‘వాఁడు’లో అరసున్న పెట్టాలి, ‘చెఱువు’కు బండి ఱ రాయాలి, ద్రుతం మీది పరుషాలను సరళాలు చేయాలి, ‘వెళ్తున్నాడు’ అని మనసులో మెదిలినదానిని ‘వెళ్ళుచున్నాఁడు’ అని దిద్దుకోవాలి. ముసలమ్మ ప్రాణమిచ్చిన చెరువును వర్ణించబోయిన విద్యార్థి, ఆ చెరువును సాధురేఫతో రాస్తే దోషమే. అరసున్న, బండి ఱ చాలామంది ఉచ్చారణలో లేనివి. చెవి సహాయం చేయనిచోట కంఠస్థమే శరణ్యం.

ఈ అసంగతిని మొదట బహిరంగంగా ప్రశ్నించినవారు తెలుగు పండితులు కాకపోవడం ఆలోచించదగిన విషయం. ఉత్తర సర్కారులలో పాఠశాలల పర్యవేక్షకులుగా ఉన్న జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే భాషకు, బడిలో చెప్పే భాషకు ఇంత దూరం ఎందుకున్నదని అడిగారు. విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో చరిత్ర బోధించే గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ ఆ ప్రశ్నను తమ ప్రశ్నగా స్వీకరించారు. నలుగురిలో ఒక్కరికీ తెలుగు బోధన వృత్తి కాదు. మరొక పక్షాన జయంతి రామయ్య పంతులు ముందు నిలిచారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. గిడుగు ఆధునికాంధ్రంపై తన విజ్ఞాపన గ్రంథాన్ని ఇంగ్లీషులో 1913లో ప్రకటించారు. జయంతివారు గ్రాంథిక సమర్థనను అదే భాషలో వెలువరించారు. తెలుగు విద్యార్థి ఏ తెలుగులో రాయాలన్న వాదం ఇంగ్లీషులో సాగడం ఆనాటి విద్యావ్యవస్థకు తగినట్లే ఉంది.

గ్రాంథికవాదుల పక్షాన ఉన్న బలమైన యుక్తిని తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. గంజాం నుంచి చిత్తూరు వరకు, బళ్ళారి నుంచి బందరు వరకు వ్యాపించిన విద్యార్థులు ఒకే పరీక్ష రాస్తారు. మాట్లాడే భాష జిల్లాకొక తీరు, కులానికొక తీరు. ఎవరి మాటను పరీక్షకులు ఒప్పుగా స్వీకరించాలి? కృష్ణా తీరపు పరీక్షకుడు చిత్తూరు విద్యార్థి మాటను తప్పని కొట్టివేస్తే ఎవరికి చెప్పుకోవాలి? అందరికీ సమానంగా దూరమైన గ్రాంథికం అందరికీ సమానంగా న్యాయం చేస్తుందన్న భావన ఈ వాదానికి మూలం. పరీక్ష నడిపే సంస్థకు ఇది ఆకర్షణీయమైన వాదం కూడా. విశ్వవిద్యాలయానికి కావలసింది ఒక మంచి రచన కాదు, అనేక పత్రాలను కొలవగల ఒకే కొలబద్ద. పోటీకి, పరీక్షకు మౌలిక భేదం ఇక్కడ ఉంది. పోటీ నిర్వాహకులు నియమం తప్పిన రచనను కూడా ప్రయత్నమని గుర్తించి బహుమతి ఇవ్వగలరు. పరీక్షకునికి నియమం తప్పడం దోషంగానే కనిపించాలి, లేకపోతే అతని పని సాగదు.

వేదం వేంకటరాయశాస్త్రి వైఖరి ఈ భేదానికి చక్కని ఉదాహరణ. ఆయన అదే మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులుగా పనిచేశారు. 1897 నాటి ‘ప్రతాపరుద్రీయము’ నాటకంలో పామర పాత్రలచేత వారి మాటలే పలికించారు. పేరిగాడి మాటలకు తెలుగు ప్రేక్షకలోకం మురిసిపోయింది. ఆయనే విద్యార్థి వ్యాసరచన విషయం వచ్చేసరికి ‘గ్రామ్యాదేశ నిరసనము’ రాసి వ్యావహారికాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. ఇందులో పరస్పర విరోధం ఉన్నదని వ్యావహారికవాదులు ఎత్తిపొడిచారు. శాస్త్రిగారి దృష్టిలో విరోధం లేదు. పాత్రోచిత భాష నాటకకర్త ఔచిత్యానికి సంబంధించినది, వ్యాసం శిష్ట రచన. ఆయన సమాధానం శాస్త్రసమ్మతమే. కాని దాని పర్యవసానం ఒకటి ఉంది. నాటకకర్తకు ఉన్న భాషా స్వేచ్ఛ విద్యార్థికి లేదు. విద్యార్థిని రచయితగా పరిగణించడానికి ఆ వాదంలో చోటు లేదు.

అసమ్మతి పత్రం

విశ్వవిద్యాలయం నియమించిన తెలుగు వ్యాసరచన ఉపసంఘం గ్రాంథికానికి మొగ్గు చూపగా, సభ్యులైన గురజాడ 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఆ పత్రాన్ని వ్యావహారికోద్యమ ప్రణాళికగా చదవడం పరిపాటి. అందులోని వాదక్రమాన్ని పరిశీలిస్తే, గురజాడ మొదట దెబ్బ తీసినది సరిగ్గా ఆ ఒకే కొలబద్ద అన్న నమ్మకాన్ని. గ్రాంథికం నిశ్చితమైనదే అయితే దానిని సమర్థించే పండితులైనా తప్పులేకుండా రాయాలి. వారి పుస్తకాలలోనే బాలవ్యాకరణం నిషేధించిన రూపాలు కనిపిస్తున్నాయి. పాఠ్యపుస్తకాలలోనూ అదే స్థితి. కవుల ప్రయోగాలు వ్యాకరణానికి లొంగవు, వ్యాకరణాలు ఒకదానికొకటి లొంగవు. పండితులే నిలుపుకోలేని నియమాన్ని పదిహేడేళ్ళ విద్యార్థిపై మోపి మార్కులు కోయడం ఏ న్యాయమన్నది ఆ వాదం సారం.

ఆయన రెండవ వాదం నిర్మాణాత్మకమైనది. చదువుకున్నవారి వ్యవహారంలో జిల్లాల భేదాలను దాటిన ఒక సామాన్య రూపం ఏర్పడుతున్నదని, వచనానికి దానినే ఆధారం చేసుకోవాలని గురజాడ భావించారు. ‘కన్యాశుల్కం’ను 1897లో ప్రకటించి, 1909లో దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసిన రచయిత ఈ మాట చెబుతున్నారు. 1910లో ‘ముత్యాల సరాలు’ అచ్చయింది. వాడుకమాటతో ఏమి చేయవచ్చునో రచయితగా చూపిన తరువాతనే, విద్యార్థికి ఆ మాటను నిరాకరించరాదని పాలనా సంఘంలో వాదించారు. యౌవనంలో ఇంగ్లీషు పద్యాలతో ప్రారంభించిన తమ మార్గం కూడా ఆయనకు గుర్తుండే ఉంటుంది. సొంత భాష పుస్తకంలో పరాయిగా తోచినప్పుడు, నిజంగా పరాయిదైన భాషే సులువుగా కనిపిస్తుంది.

విశ్వవిద్యాలయం ఈ అసమ్మతిని ఆమోదించలేదు. పరీక్షలలో గ్రాంథికమే నిలిచింది. గురజాడ 1915 నవంబరు 30న మరణించారు. గిడుగు పోరాటాన్ని మరో పాతికేళ్ళు సాగించారు. సాహిత్యంలో, పత్రికలలో వ్యావహారికం క్రమంగా గెలిచింది. పరీక్షా పత్రం మాత్రం చివరిదాకా లొంగకుండా నిలిచిన కోటలలో ఒకటి. 1930ల నాటి విద్యార్థి చదివే కథ ఒక తెలుగులో ఉండేది, ఆ కథ గురించి పరీక్షలో రాసే వ్యాసం వేరొక తెలుగులో ఉండేది.

అదే సంవత్సరం, మరొక గ్రంథం

1914లోనే రామలింగారెడ్డి ‘కవిత్వ తత్త్వ విచారము’ వెలువడింది. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, మైసూరు విద్యాశాఖలో పనిచేస్తున్న కాలమది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను ఆధారం చేసుకొని, ప్రబంధ కవులు వర్ణనల మూసలో చిక్కుకొని కల్పనాశక్తిని కోల్పోయారని ఆ గ్రంథం ధ్వజమెత్తింది. కవికి ముఖ్యమైనది భావనాశక్తి అన్నది అందులోని కేంద్ర భావన. బహుమతి కావ్యం రాసిన విద్యార్థి పదిహేనేళ్ళ తరువాత తన అనుభవానికి సిద్ధాంతరూపం ఇచ్చినట్లు తోస్తుంది.

రెండు గ్రంథాలు ఒకే ఏడు వచ్చినా కలుసుకోలేదు. గురజాడ పత్రం విద్యార్థి ఏ భాషలో రాయాలన్నదానిని చర్చించింది. రెడ్డిగారి గ్రంథం కవి ఏ శక్తితో రాస్తాడన్నదానిని చర్చించింది. మొదటిదానిలో భావన ప్రసక్తి తక్కువ, రెండవదానిలో విద్యార్థి లేడు. భావనాశక్తిని విద్యార్థిలో ఎట్లా పెంచాలన్న ప్రశ్న ఈ రెండింటి నడుమ పడిపోయింది. ఆ తరువాతి తెలుగు శాఖల నిర్మాణంపై దాని ప్రభావం చిన్నది కాదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులయ్యారు. 1931లో ఆ పదవికి రాజీనామా చేసి, 1936లో తిరిగి వచ్చి, 1949 వరకు కొనసాగారు. 1931లో ప్రారంభమైన తెలుగు ఆనర్సు శాఖకు వచ్చిన పింగళి లక్ష్మీకాంతం స్వయంగా కవి. కాటూరి వేంకటేశ్వరరావుతో కలిసి ఆయన రచించిన ‘సౌందరనందము’ ఆ మరుసటి ఏడే వెలువడింది. వారిద్దరూ చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి శిష్యులు. బందరు పాఠశాలలో చెళ్ళపిళ్ళ తరగతి పాఠ్యపుస్తకానికి కట్టుబడని తరగతి. అవధానాలు చేసిన గురువు నోట పద్యం పుట్టడం చూసి శిష్యులు పద్యం నేర్చుకున్నారు. విశ్వనాథ సత్యనారాయణ కూడా ఆ తరగతి నుంచి వచ్చినవారే. ఆ విధంగా బడిలో కవులను తయారుచేసిన పద్ధతిలో పెరిగినవారు విశ్వవిద్యాలయ శాఖకు వచ్చారు. అయితే శాఖలో వారు బోధించవలసినది సాహిత్య చరిత్ర, విమర్శ, వ్యాకరణం, అలంకారశాస్త్రం. ఆనర్సు పట్టాకు పరీక్షలు ఉంటాయి, పరీక్షలకు కొలబద్ద కావాలి.

విశ్వవిద్యాలయం సృజనను విస్మరించిందనడం కూడా సరికాదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ నిర్వహించింది. విశ్వనాథ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. తెలుగు నవల చరిత్రలో ఇంత ఫలించిన పోటీ మరొకటి చూపడం కష్టం. 1899 నాటి విద్యార్థి సమాజం అనుసరించిన పద్ధతినే ఈసారి విశ్వవిద్యాలయం చేపట్టింది. తేడా ఒక్కటే, బహుమతి పొందిన ఇద్దరూ అప్పటికే ప్రసిద్ధ రచయితలు. రచనకు ప్రోత్సాహం తరగతి గది గోడ దాటి వెలుపలికి వెళ్ళింది. లోపలి విద్యార్థి తన ఏర్పాటు తాను చూసుకున్నాడు. 1928లో ‘ప్రభవ’ అచ్చయ్యేనాటికి శ్రీశ్రీకి 18 ఏళ్ళు. ఆ కవిని తయారుచేసినది విశాఖపట్నం మిత్రులు, పుస్తకాలు, కవితా సమితి. ఆయన క్రైస్తవ కళాశాలలో పట్టా పుచ్చుకున్నది జంతుశాస్త్రంలో.

ఇది అనివార్యమైన పరిణామం కాదని గుర్తించడానికి పరదేశపు ఉదాహరణ ఒకటి ఉపకరిస్తుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం ఉన్నత పట్టాలకు సిద్ధాంత గ్రంథానికి బదులుగా సృజనాత్మక రచనను స్వీకరిస్తామని 1922లో ప్రకటించింది. పాల్ ఎంగిల్ 1932లో అట్లా సమర్పించిన కవితలే ‘వోర్న్ ఎర్త్’ సంపుటిగా వెలువడ్డాయి. అక్కడ సైతం కవిత్వాన్ని కొలిచే సమస్య తీరలేదు. రచయితలైన అధ్యాపకులు కూర్చొని చదివి తీర్పు చెప్పే పద్ధతిని అంగీకరించారు, అంతే. అంటే పోటీ నిర్ణేతను పరీక్షకుని కుర్చీలో కూర్చోబెట్టారు. తెలుగు శాఖలలో ఆ కుర్చీకి తగిన కవులు లేకపోలేదు.

సి. నారాయణరెడ్డి ఉదంతం దీనికి సమీపంలోనే ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఎ. చేసిన ఆయన 1953లో ‘నవ్వని పువ్వు’ను, 1955లో ‘నాగార్జునసాగరం’ను, 1957లో ‘కర్పూర వసంతరాయలు’ను ప్రకటించారు. ఆయనకు డాక్టరేటు తెచ్చిపెట్టినవి ఆ కావ్యాలు కావు, ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ అన్న సిద్ధాంత గ్రంథం. అది విలువైన గ్రంథం, నేటికీ పరిశోధకులు సంప్రదించేది. నాటి నిబంధనల ప్రకారం, ప్రయోగాలు చేసిన కవికి పట్టా రావాలంటే ప్రయోగాల గురించి రాయాలి.

‘ముసలమ్మ మరణము’ తరువాతి కాలంలో అనేక పర్యాయాలు పాఠ్యాంశమైంది. గండి దగ్గరికి నడిచి వెళ్ళే ముసలమ్మ పాత్రను చిత్రించమని, కావ్యసారాంశం రాయమని, ఖండకావ్య లక్షణాలను సమన్వయించమని ప్రశ్నపత్రాలు అడుగుతూ వచ్చాయి. మీ ఊరి చెరువుకు ఉన్న కథ ఏమిటో రాయమని అడగడానికి ఆ పత్రాలలో స్థలం ఉంది, మార్కులు వేసే పద్ధతి లేదు.